వెండిచేప 900 గ్రాములు, బొచ్చె 250 గ్రాములు: ఇది పోటీయా, మేత లోపమా?

కుంటకింద అడిగారు:

అందరికీ నమస్కారం. 3 ఎకరాల చెరువు, నీరు 5 అడుగులు, నీటికి గాలి ఎక్కించే ఏరేటర్లు లేవు. కిందటి జూలైలో వేలెడు పిల్ల 12,000 వదిలాం. బొచ్చె 4,000, వెండిచేప (సిల్వర్ కార్ప్) 3,000, శీలావతి 3,000, ఎర్రమోసు 2,000. ఇప్పుడు ఎనిమిదో నెల. మొన్న వల లాగి తూకం వేస్తే సగటున వెండిచేప 900 గ్రాములు, శీలావతి 450, మోసు 400 వచ్చాయి. బొచ్చె మాత్రం 250 దగ్గరే ఆగింది. తల పెద్దగా, వీపు సన్నగా ఉంటోంది. ఒంటి మీద పేను లేదు, పుండ్లు లేవు. మేత రోజుకు 40 కిలోలు, నూనె తీసిన తవుడూ వేరుశనగ చెక్కా కలిపి. పదిహేను రోజులకోసారి పచ్చిపేడ వేస్తున్నాం. వలలో బెత్తెడేసి జిలేబి చేప (తిలాపియా) కూడా దండిగా పడింది, మేం వేసింది కాదు.

మేత రెట్టింపు చేస్తే బొచ్చె అందుకుంటుందా? లేక ఏదో ఒక జాతిని తీసేయాలా? తీస్తే ఏది, ఎంత? అందరూ పోటీ, పోటీ అంటున్నారు గానీ చేపలు కొట్టుకోవడం ఎవరూ చూడలేదు. అసలు అది ఎలా జరుగుతుందో కూడా చెప్పండి.

---

జలజీవి:

మీ మొత్తం సంఖ్యలో తప్పు లేదండి. ఎకరాకు 4,000 అంటే హెక్టారుకు 10,000. మిశ్రమ పెంపకానికి ఎన్నో ఏళ్లుగా చెబుతున్న లెక్కే అది. తేడా వచ్చింది వాటాల దగ్గర. బొచ్చె, వెండిచేప రెండూ పైనీటిలో తినేవే. రెండూ కలిపి 7,000, అంటే నూటికి 58. ఈ రెండూ కలిసి నూటికి 40 దాటకుండా చూసుకోవాలి. మీ చెరువులో పైనీటికి నోళ్లు ఎక్కువయ్యాయి, అడుగున తినేవి తక్కువయ్యాయి.

ఇక పోటీ ఎలా జరుగుతుందో. చచ్చిన వెండిచేప ఒకటి దొరికితే మొప్ప మూత ఎత్తి చూడండి. మొప్పల లోపలి అంచున ఉండే ముళ్లు దానికి విడివిడిగా ఉండవు, ఒకదానికొకటి అతుక్కుపోయి స్పాంజి ముక్కలా ఉంటాయి. నీళ్లు బయటికి పోతాయి, కంటికి ఆనని పచ్చ నాచుకణాలు కూడా అక్కడ చిక్కుకుంటాయి. బొచ్చెకు అవే ముళ్లు పొడుగ్గా, సన్నగా, విడివిడిగా ఉంటాయి. మరీ సన్నని కణాలు వాటి మధ్య నుంచి జారిపోతాయి. అందుకే బొచ్చె ముఖ్యంగా జంతుప్లవకాల మీద, అంటే నీటిలో తేలే రోటిఫర్లు, డాఫ్నియా, సైక్లాప్స్ లాంటి బుల్లి జీవుల మీద బతుకుతుంది.

పైకి చూస్తే దాని తిండి దానిది, దీని తిండి దీనిది. కానీ ఆ జంతుప్లవకాలు తిని బతికేది కూడా పచ్చ నాచుకణాలనే. వెండిచేప ఆ నాచును లాగేస్తుంది, దాంతోపాటు చిన్న రోటిఫర్లనూ వడగట్టుకుని మింగేస్తుంది. బొచ్చెకు రెండు వైపుల నుంచీ దెబ్బ. ఎవరూ ఎవరినీ కొట్టనక్కర్లేదు. ఉన్నదాన్ని ఒకరు ముందు తినేస్తే రెండోవారికి మిగలదు, అంతే. జీవావరణ శాస్త్రంలో దీన్ని దోపిడీ పోటీ అంటారు. ఒకదాన్నొకటి తరిమి చోటు ఆక్రమించుకోవడం వేరే రకం, అది జోక్య పోటీ. మీ చెరువులో పైనీటిలో జరుగుతున్నది మొదటిది.

1934లో గాస్ అనే రష్యన్ శాస్త్రవేత్త గాజు గొట్టాల్లో చూపించింది ఇదే. పారమీషియం అనే ఏకకణ జీవిలో ఆరీలియా, కాడేటమ్ అనే రెండు జాతులను విడివిడిగా పెంచితే రెండూ బాగానే పెరిగాయి. ఒకే తిండి మీద కలిపి పెంచితే కాడేటమ్ కనుమరుగైంది. అదే కాడేటమ్‌ను బర్సేరియా అనే మూడో జాతితో కలిపితే రెండూ మిగిలాయి, ఎందుకంటే బర్సేరియా గొట్టం అడుగున చేరిన ఈస్ట్‌ను తింటుంది. చెరువులో బొచ్చె పైన, శీలావతి మధ్యన, మోసు అడుగున అని మనం పంచేది ఆ మూడో గొట్టం లెక్కతోనే. మీరు వెండిచేపతో రెండో గొట్టం, అంటే ఒకే తిండి మీద కలిపి పెంచిన గొట్టం పెట్టారు.

నా మాట మీద పోకుండా మీరే పరీక్షించుకోండి. 60 మైక్రాన్ల ప్లవకాల వల తీసుకుని చెరువులో ఐదారు చోట్ల నుంచి మొత్తం 50 లీటర్ల నీళ్లు వడగట్టండి. గట్టు పక్కనే ముంచకండి, గాలి తోసిన నాచంతా అక్కడే చేరి లెక్క తప్పిస్తుంది. అడుగున మిగిలినదాన్ని గీతల గొట్టంలో పోసి, రెండు మూడు చుక్కల ఫార్మలిన్ వేసి, పావుగంట కదపకుండా ఉంచండి. 1 నుంచి 2 మిల్లీలీటర్లు పేరుకుంటే తిండి ఉన్నట్టు. ఒకటికి బాగా తగ్గితే పైనీటి చేపకు కరువే. రంగు కూడా చూడండి. గోధుమరంగులోకి తిరిగి, కదిలే చుక్కలు ఉంటే జంతుప్లవకం (ఫార్మలిన్ వేయకముందే చూడాలి సుమా). మొత్తం పచ్చగా ఉంటే బొచ్చెకు పనికొచ్చేది అందులో తక్కువ.

---

కొల్లేటిగట్టు:

జలజీవి గారు చెప్పింది కరెక్టే, ఇప్పుడేం చేయాలో నేను చెప్తానండి.

నూటికి 80 బతికాయనుకుందాం. వెండిచేప 2,400 × 900 గ్రాములు = 2,160 కిలోలు. శీలావతి 2,400 × 450 = 1,080. బొచ్చె 3,200 × 250 = 800. మోసు 1,600 × 400 = 640. మొత్తం 4,680 కిలోలు, ఎకరాకు 1,560. ఏరేటర్ లేని చెరువు మోసే బరువుకు దగ్గరకొచ్చేశారు. జిలేబి ఈ లెక్కలో లేదు. ఇక్కణ్ణుంచి ఒక చేప పెరగాలంటే ఇంకో చేప బయటికి పోవాలి.

పోవాల్సింది వెండిచేప. 1,900 దాకా తీసేయండి, 500 ఉంచండి. అప్పుడు ఎకరాకు వెయ్యి కిలోల లోపుకు దిగుతుంది. ముందురోజు మేత ఆపండి. తెల్లవారుజామున నీళ్లు చల్లగా ఉన్నప్పుడు లాగుడు వల వేయండి. వెండిచేప వల తగలగానే ఎగురుతుంది, పైతాడు నీటి మీద రెండడుగులు ఎత్తి పట్టుకోకపోతే సగం దాటి పోతుంది. పట్టిన వెంటనే చచ్చిపోతుంది, త్వరగా మెత్తబడుతుంది, అందుకే రేటు పలకదు. ఐసు, బండి గట్టు మీదకు వచ్చాకే వల దించండి. ఒకే రోజు మొత్తం తీయాలని చూడొద్దు. వలలో ఎక్కువసేపు కుక్కితే మిగతా చేపకు పొలుసు ఊడుతుంది, తర్వాత పుండ్లు పడతాయి. వారం ఎడంతో రెండు మూడు లాగుళ్లు చాలు.

నన్నడిగితే వచ్చే పంటకు వెండిచేప అసలు వద్దు. మా వైపు శీలావతి నూటికి 80 నుంచి 90, మిగతాది బొచ్చె. ఇంకో జాతి ఊసే ఉండదు. అది కూడా వేలెడు పిల్ల కాదు, నలిపి పెంచిన ఏడాది పిల్ల.

---

కుంటకింద:

థాంక్స్ సార్. రెండు సందేహాలు. మేత పెంచడం గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, నలిపిన పిల్ల అంటే ఎదుగుదల ఆగిపోయిన పిల్లే కదా, అది మళ్లీ ఎదుగుతుందా? నా బొచ్చె కూడా అలాంటిదేనా?

---

కొల్లేటిగట్టు:

ఎదుగుతుందండి. వేలెడు పిల్లను ఎకరాకు పాతిక ముప్ఫై వేలు కుక్కి, బతకడానికి సరిపడా తవుడు మాత్రమే వేస్తే ఏడాదికి 100, 150 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఒకే జాతి, ఒకే సైజు, ఒకే తిండి. అంతకు మించిన పోటీ ఉండదు. బలహీనమైంది పోతుంది, మిగిలింది ఆగుతుంది. దాన్ని తీసి ఎకరాకు రెండు వేల చొప్పున ఖాళీ చెరువులో వేస్తే, ఆగిన బాకీ తీర్చుకుంటున్నట్టు తింటుంది. పైగా పెద్ద పిల్ల కాబట్టి నీటికాకి, పాము నోటికి అంతగా చిక్కదు.

మీ బొచ్చెదీ అదే కథ. తల పెద్దదిగా, ఒళ్లు సన్నంగా ఉందంటే ఎముక పెరిగింది, కండ పట్టలేదు. జబ్బు లేదంటున్నారు కాబట్టి తిండి దొరికితే సర్దుకుంటుంది. నెల తర్వాత మళ్లీ తూకం వేయండి. యాభై చేపలైనా తూచాలి, నాలుగు తూచి సగటు తీస్తే ఏమీ తెలియదు.

మేత సంగతి. సంచుల్లో కడుతున్నారా, చల్లుతున్నారా? చల్లితే వచ్చిన మొదటి పావుగంటలో పెద్ద శీలావతి తినేస్తుంది, చిన్నది గుంపు బయట తిరుగుతుంది. సంచి అడుగున రెండు వరసల బెజ్జాలు పెట్టి కర్రలకు కడితే కొంత నయం. అయినా సంచులు తక్కువైతే అదే తంతు. బలిసింది సంచిని వదలదు. జలజీవి గారు చెప్పిన రెండో రకం పోటీ ఇక్కడ కనిపిస్తుంది. వలలో ఒకే జాతి చేప 300 నుంచి 700 దాకా సైజు తేడాతో వస్తోందంటే మేత తక్కువని కాదు, సంచులు తక్కువని. ఉన్న మేతనే ఎక్కువ సంచుల్లో సర్ది, చెరువంతా ఎడంగా కట్టండి. రెండు గంటల తర్వాత సంచి తడిమి చూడండి. అన్నీ ఖాళీ అయితే కొంచెం పెంచవచ్చు, కొన్ని మిగిలితే ఆ చోట కట్టడం మానేయండి.

---

జలజీవి:

మేత రెట్టింపు మాత్రం చేయకండి. లెక్క చూడండి. మేత తినేవి శీలావతి, మోసు, కొంతవరకు బొచ్చె. వాటి బరువు 2,520 కిలోలు. బరువులో నూటికి 2 వంతున 50 కిలోలు. మీరు 40 వేస్తున్నారు. లోటు పెద్దదేమీ కాదు. వెండిచేప తవుడు పెద్దగా ముట్టదు, కానీ మీరు ఎక్కువ వేసిన మేత కరిగి ఎరువై నాచు పెంచుతుంది. ఆ నాచు మళ్లీ వెండిచేపకే. బొచ్చె కోసం ఖర్చు పెట్టి వెండిచేపను పెంచినట్టవుతుంది.

రెండో కారణం ఆక్సిజన్. చెరువులో తిండి కొరత తీర్చగానే తర్వాతి కొరత తలెత్తుతుంది, అది దాదాపు ఎప్పుడూ ఆక్సిజనే. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే నిశ్చింత. 3కి పడితే తిండి తగ్గుతుంది. ఇంకా దిగితే తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. చేపలు తేలుతున్నప్పుడు ఏ జాతి ముందు వచ్చిందో చూడండి, సాధారణంగా వెండిచేపే. సూర్యోదయం తర్వాత కొలిస్తే లాభం లేదు, తెల్లారే ముందు కొలవాలి. తేలిన రోజు మేత, పేడ రెండూ ఆపేసి, బోరు నీళ్లను గాల్లోకి చిమ్మేలా వదలండి. మబ్బు పట్టిన రోజు కూడా అంతే.

వెండిచేప తీశాక ఒక జాగ్రత్త. నాచు తినేవాళ్లు తగ్గారు కాబట్టి నీళ్లు ఒక్కసారిగా పచ్చబడవచ్చు. మోచేతి దాకా చెయ్యి ముంచండి. అరచెయ్యి మసగ్గా కనిపిస్తే ఫరవాలేదు. మణికట్టు దాటగానే మాయమైతే, అంటే 20 సెంటీమీటర్ల లోపే అయితే, పేడ ఆపండి. రోటిఫర్లు వారం పది రోజుల్లో పుంజుకుంటాయి, డాఫ్నియా జాతివాటికి ఇంకాస్త సమయం పడుతుంది. బొచ్చె కోలుకోవడం ఆ తర్వాతే.

కొల్లేటిగట్టు గారూ, వెండిచేప అసలు వద్దంటే నేను ఒప్పుకోను. మేత కొనలేని చోట, పేడ మీద నడిచే చెరువులో అంత చౌకగా కండ పట్టే చేప ఇంకోటి లేదు. వేస్తే బొచ్చె వాటా కోసుకుని వేయాలి. బొచ్చె 10, వెండిచేప 20 వంతు. అప్పుడు రెండూ కలిపి 30. బొచ్చెకే ధర ఉన్న ఊళ్లో తిరగేయండి, అంతే గానీ రెండింటినీ నిండా వేయకూడదు.

---

కొల్లేటిగట్టు:

పేడ చెరువుకు సరే. మా మార్కెట్‌కు మాత్రం నేను చెప్పిందే.

---

మోసుమాస్టారు:

జిలేబి సంగతి అందరూ వదిలేశారు, అది వచ్చే పంటకు అసలు గండం. మొజాంబిక్ జాతి జిలేబిని 1952లో బయటి నుంచి మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు లేని చెరువు లేదు. ఇది రెండు మూడు నెలలకే గుడ్డుకొస్తుంది, ఏడాదిలో పలుమార్లు పెడుతుంది. తల్లి గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని కాస్తుంది కాబట్టి చాలావరకు బతుకుతాయి. నీళ్లు తగ్గినప్పుడు గట్టు వార బురదలో పళ్లెమంత గుండ్రటి గుంటలు కనిపిస్తే అవి మగ జిలేబి గూళ్లే. బొచ్చె, శీలావతి చెరువు నీటిలో పిల్ల పెట్టవు, మనం ఎన్ని వేస్తే అన్నే. జిలేబి సంఖ్యకు మన లెక్కతో పని లేదు. తిన్నదంతా కండకు కాక గుడ్లకు పోయి, బెత్తెడు సైజులోనే వేలకు వేలు తయారై, మోసు తినే అడుగు తిండిని, శీలావతి సంచినీ పంచుకుంటుంది.

వల వేసి ఏరితే పోదు. పెద్దవి పోతే చిన్నవాటికి తిండి పెరిగి ఇంకా త్వరగా గుడ్డుకొస్తాయి. పంట తీశాక చెరువు ఎండగట్టి నెర్రెలు బారనివ్వడమే గట్టి మందు. పూర్తిగా ఎండకపోతే ఇప్పచెక్క, అంటే ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన చెక్క, అది చేపలకు విషం. మోతాదు హెక్టారుకు, మీటరు లోతు నీటికి 2,500 కిలోలు. చాలామంది నిండు చెరువులో పోసి డబ్బు తగలేస్తారు. మీ 3 ఎకరాలు అంటే 1.2 హెక్టార్లు. 5 అడుగుల నీటికి దాదాపు 4,600 కిలోలు కావాలి. ముందు నీళ్లు తోడి అడుగు లోతుకు దించితే 925 కిలోలతో సరిపోతుంది. రాత్రి నానబెట్టి, పొద్దున్నే చెరువంతా సమంగా చల్లి, వల లాగి నీళ్లు కలియబెట్టండి. గుంటల్లో, గడ్డి మొదళ్లలో మందు అందకపోతే నాలుగు తల్లులు మిగిలినా మళ్లీ మొదటికే వస్తుంది. దాని విషం రెండు మూడు వారాలు ఉంటుంది, తర్వాత ఎరువుగా పనికొస్తుంది. పిల్ల వదిలే ముందు చిన్న హాపాలో (నీటిలో కట్టే వలతొట్టి) పదీ ఇరవై పిల్లలను ఒక రోజు ఉంచి చూడండి. ఆ నీళ్లను పక్క చెరువులోకి వదలకండి. కొత్త నీళ్లు పెట్టేటప్పుడు తూము నోటికి సన్నకన్ను వల కట్టండి, జిలేబి వచ్చేది అక్కణ్ణుంచే.

---

చెరువుసంఘం:

మాది కరీంనగర్ దిక్కు. ఊరి చెరువు, నూరు ఎకరాల పైనే ఉంటది, మేత వేసుడు లేదు, వానకు నిండుడే. ఈ ముచ్చట మాకు కూడా వర్తిస్తదా? ఒకాయన వెండిచేప పిల్ల తక్కువకు ఇస్తా అంటుండు.

---

జలజీవి:

మీకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే తప్పు జరిగితే దిద్దుకునే వీలు మీకు లేదు. మూడెకరాల్లో వెండిచేపను వల వేసి తీయొచ్చు, నూరెకరాల్లో సాధ్యం కాదు.

హిమాచల్ ప్రదేశ్‌లోని గోవింద్‌సాగర్ జలాశయంలో ఇదే జరిగింది. 1970ల మొదట్లో వరదకు దియోలి చేపల ఫారం నుంచి వెండిచేప జలాశయంలోకి తప్పించుకుంది. అక్కడే గుడ్లు పెట్టి స్థిరపడింది. కొన్నేళ్లకు జాలర్ల పట్టులో సింహభాగం వెండిచేపే అయింది, అంతకుముందు బాగా పడే బొచ్చె వెనకబడిపోయింది. మొత్తం టన్నులు పెరిగాయన్నది కూడా నిజమే, కాబట్టి అక్కడివాళ్లు దాన్ని నష్టమని ఒక్క మాటలో అనరు. మీ చెరువులో అది గుడ్లు పెట్టి నిలదొక్కుకునే అవకాశం తక్కువ, పారే నీళ్లు కావాలి దానికి. అయినా ఆ ఒక్క ఏడాది బొచ్చె దెబ్బతింటుంది. మీ సంఘానికి గిట్టుబాటు బొచ్చె, రవ్వ (శీలావతి) మీదే గదా. చౌక పిల్ల వద్దనే నా మాట.

ఎంత వేయాలన్నది కూడా నిండు చెరువును చూసి లెక్కేయకండి. మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు ఎంతకు కుంచించుకుపోతాయో ఆ విస్తీర్ణం చూడండి. ఆగస్టులో నూరెకరాల్లో విడివిడిగా తిరిగిన చేపంతా ఎండాకాలంలో ఇరవై ఎకరాల్లో ఇరుక్కుంటుంది. తిండికి, ఆక్సిజన్‌కు అసలు పోటీ అప్పుడే. అందుకే నీళ్లు పడిపోకముందే, జనవరి నుంచే పెద్ద సైజు తీసి అమ్ముతూ పోవాలి.

---

కుంటకింద:

చివరగా ఒక్కటి. మా చెరువులో ఒక పక్కన నాచు తీగలు బాగా పెరిగాయి. వచ్చే పంటకు గడ్డిచేప కలిపితే అది కూడా పోటీకి వస్తుందా?

---

మోసుమాస్టారు:

రాదు. మిగతా నాలుగింటిలో ఏదీ ముట్టని తిండి దానిది. హైడ్రిల్లా, నాజాస్ లాంటి మెత్తటి నీటిమొక్కలు ఇష్టం. గుర్రపుడెక్క ఉంటే దాని మీద ఆశ పెట్టుకోకండి, చేత్తో తీయించండి. గడ్డిచేప తిన్నదాంట్లో చాలాభాగం సగమే అరిగి బయటికొస్తుంది. దాన్ని మోసు, బంగారుతీగ (కామన్ కార్ప్) తింటాయి, మిగిలింది ఎరువవుతుంది. మొత్తంలో నూటికి 5 చాలు, అంటే మీకు 600. ఎక్కువ వేస్తే తీగలు రెండు మూడు నెలల్లో అయిపోతాయి, ఆ తర్వాత ఆకలికి శీలావతి సంచుల మీద పడుతుంది. అప్పుడు గట్టు మీది గడ్డి కోసి వేయాల్సిందే, నీటిలో వదిలేయకుండా వెదురుకర్రల చట్రంలో వేయండి. మరుసటి రోజు మిగిలిన కాడలు తీసేయాలి. కుళ్లితే మళ్లీ ఆక్సిజన్ గొడవే.